మా అమ్మల చదువు బాకీ తీర్చేదెవరు?

2025 జూన్‌లో 'తల్లికి వందనం' డబ్బులు పడ్డాయి. బిడ్డకి 13 వేలు తల్లి ఖాతాలో వేసి, ఇంకో రెండు వేలు బడి నిర్వహణ కింద పట్టుకున్నారు. అంతకుముందు 2020 జనవరి నుంచి 'అమ్మ ఒడి' నడిచింది. ప్రభుత్వం మారింది, పేరు మారింది, గోడల మీద బొమ్మలు మారాయి. మారనిది మా పల్లెల్లో తల్లి ఒక్కతే. ఫోను టింగుమనగానే దాన్ని కొంగులో దోపుకుని, చదివి చెప్పే పిల్లోడెవడన్నా దొరుకుతాడా అని వీధిలోకొచ్చింది. మేం బడిపంతుళ్లం. ఆ వారం బడి గేటు కాడ పాఠాలకన్నా ఫోన్లు చదివి చెప్పిందే ఎక్కువ. "ఇద్దరు పిల్లలకీ పడ్డయ్యా, ఒకరికేనా, చూడయ్యా!" ఒకామె ఫోన్లో ఉన్నది బ్యాంకు మెసేజీ కాదు, అప్పులిస్తామని ఎవడో పంపిన ప్రకటన. డబ్బులు పడ్డాయనుకుని మూడు రోజులు సంబరపడింది.

తల్లికి వందనం పెట్టారు, మంచిదే. డబ్బు వద్దని మేం అనడం లేదు, అది మా పిల్లల డబ్బు. కానీ ఆ వందనాన్ని చదువుకునే చదువు ఆ తల్లికి ఎందుకు పెట్టలేదు?

ఇది అడిగితే అధికారులు, నాయకులు ఒకటే మాట అంటారు: "వయోజన విద్యా పథకం ఉంది గదా!" ఉంది. ఎట్టా ఉందో చూద్దాం. అంతకన్నా ముందు ఒక పాత కాగితం దుమ్ము దులపాలి.

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అందులో 45వ అధికరణం ఉంది. పదేళ్లలోగా, 14 ఏళ్లు నిండేదాకా, పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని దాని సారం. పదేళ్లంటే 1960. ఆ అధికరణాన్ని ప్రాథమిక హక్కుల్లో పెట్టలేదు, ఆదేశిక సూత్రాల్లో పెట్టారు. అంటే ఇవ్వకపోతే కోర్టు మెట్లెక్కి అడగడానికి లేదు. 1960 పోయింది. డెబ్భై, ఎనభై, తొంభై కూడా పోయాయి. 2002లో 86వ సవరణ చేసి 21-ఎ అధికరణం రాశారు, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి చదువు హక్కన్నారు. అదే సవరణలో పాత 45ని ఎత్తేసి, ఆరేళ్లలోపు పిల్లల గురించి వేరే మాటలు పెట్టారు. విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలన్నారు.

పల్లె భాషలో చెప్పుకుందాం. అప్పు తీసుకున్నోడు పదేళ్లలో తీరుస్తానని నోటు రాసిచ్చాడు. అరవై ఏళ్లకి వచ్చి, "ఇయ్యాళ్టి నుంచి కొత్త ఖాతా, చిన్నపిల్లలకి మాత్రమే" అన్నాడు. పాత నోటు చింపి పొయ్యిలో పెట్టాడు. ఆ నోటు మీద ఉన్న పేర్లెవరివి? ఆ అరవై ఏళ్లలో పొగాకు బ్యారన్ల దగ్గర, పత్తి చేలల్లో, మిరప కల్లాల్లో బాల్యం పోగొట్టుకున్న ఆడపిల్లలవి. వాళ్లే ఇవాళ మన అమ్మలు, అత్తలు, అమ్మమ్మలు. చదువురాని తల్లిని ప్రభుత్వ కాగితాల్లో 'లబ్ధిదారు' అని రాస్తున్నారు. తప్పు. ఆమె లబ్ధిదారు కాదు. ఆమెకి ఈ రాజ్యం బాకీ ఉంది.

బాకీ ఎంతో వాళ్ల లెక్కల్లోనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లా ఆడవాళ్లలో అక్షరాస్యులు 60 శాతం, ప్రకాశంలో 53 శాతం. జిల్లాలు చీల్చక ముందు మాట ఇది. అది కూడా ఊరినీ పల్లెనీ కలిపి కొట్టిన సగటు. ఊరి పెద్దింటి కోడలు డిగ్రీ, పల్లెలో తల్లి వేలిముద్ర, రెండూ ఒకే గంపలో పోసి సగటు తీస్తే ఎవరి ఆకలి కనపడుతుంది? 2017-18లో జాతీయ నమూనా సర్వే 75వ విడతలో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 66.4 శాతం, బీహారుది 70.9. వెనకబాటుకి పేరుపెట్టి మనవాళ్లు ఎగతాళి చేసే బీహారు మనకన్నా పైనుంది. 2023-24 సర్వేలో మనది 72.6 శాతం, అయినా రాష్ట్రాల వరసలో అడుగునే. ఇంజనీరింగు కాలేజీలకీ, అమెరికా ప్రయాణాలకీ పేరుమోసిన రాష్ట్రం ఇది. పైన మేడ మీద మేడ కట్టుకుంటున్నారు, కింద పునాది గుంటలో మన ఆడవాళ్లున్నారు.

వయోజన విద్య పేరుతో ఇన్నేళ్లు ఏం చేశారు? 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం. 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్. దాని కింద 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. మాలో నలభై దాటినోళ్లకి అది బాగా గుర్తు. చర్చి అరుగు మీద పెట్రోమాక్సు లైటు పెట్టేవాళ్లు. కాయ కోత నుంచొచ్చి, ఘాటుకి మండే చేతులు కడుక్కుని, అమ్మలు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. వెనకాలే మేం. పగలు బడిలో మేం దిద్దిన అక్షరాన్ని రాత్రి అమ్మ చెయ్యి పట్టుకుని దిద్దించేవాళ్లం. అమ్మ తప్పు రాస్తే మేం నవ్వేవాళ్లం, మేం తప్పు రాస్తే అమ్మ నెత్తిన మొట్టేది. అమ్మ కూర్చుందని మేమూ కూర్చున్నాం. మా ఇళ్లలో డిగ్రీ దాకా పోయిన మొదటి తరం మేమే. మా చదువుకి పునాది ఏ కాన్వెంటూ కాదు, ఆ అరుగు. ఇప్పుడు దీన్నే 'కుటుంబ అక్షరాస్యత' అని సెమినార్లలో కొత్త వింతలాగా చెబుతున్నారు.

తర్వాత ఒకరోజు పెట్రోమాక్సు తీసుకుపోయారు. ఉద్యమం 'పూర్తయింది' అన్నారు. అమ్మకి సంతకం మిగిలింది, చదవడం పోయింది. వాడకపోతే కొడవలి కూడా తుప్పు పడుతుంది గదా.

ఎందుకు తీసుకుపోయారో ఆలోచించండి. పక్క జిల్లా నెల్లూరులో ఏమైంది? రాత్రి బడికొచ్చిన ఆడవాళ్లు తమ బతుకు గురించి తామే మాట్లాడుకున్నారు, మొగుళ్ల కూలి డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క కట్టుకున్నారు. దూబగుంటలో సారా కొట్టు మూయించారు. ఆ కథే అక్షరాస్యత వాచకంలో పాఠమైంది. 1992కల్లా జిల్లా జిల్లాకీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు. అ, ఆ నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు ప్రభుత్వ ఖజానా మీదే చెయ్యేశారు. అప్పటి నుంచి సంతకం దాకా నేర్పడం వాళ్లకి ముద్దు, ఆ పైన చదువు వాళ్లకి భయం. ఇది మా అనుమానం మాత్రమే అనుకోండి. కానీ ఆ తర్వాత వచ్చిన పథకాలు చూస్తే అనుమానం తీరడం లేదు.

2009 సెప్టెంబరు 8న 'సాక్షర భారత్' వచ్చింది. ఆడవాళ్ల అక్షరాస్యత సగం కూడా లేని జిల్లాలు ఎంచుకున్నారు, ప్రకాశం లాంటివి. పంచాయతీకో వయోజన విద్యా కేంద్రం, ఇద్దరు సమన్వయకర్తలు, నెలకి 2,000 రూపాయల గౌరవ వేతనం. వేతనంలో గౌరవం ఎంతుందో మీకే తెలుసు! రోజుకి 70 రూపాయలు కూడా పడదు. పల్లెల్లో ఇంటర్, డిగ్రీ చదివి ఉద్యోగాల్లేని మన పిల్లలే ఆ పని చేశారు. అసలు పాఠం చెప్పే వాలంటీరుకి అదీ లేదు, ఉచిత సేవ. 2018 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. మన పిల్లలు ఇంటికొచ్చారు, కేంద్రానికి తాళం పడింది. ఏ తల్లినీ అడగలేదు, ఏ గ్రామసభకీ చెప్పలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. 2005లో ఉపాధి హామీ చట్టమై వచ్చింది. పథకం కాదు, చట్టం. కాబట్టి కూలి ఆలస్యమైతే మండలాఫీసు ముందు కూర్చుని "చట్టం ప్రకారం ఇయ్యి" అన్నాం. 2025 డిసెంబరులో దాన్ని తీసేసి వేరే చట్టం తేవాలనుకున్నప్పుడు పార్లమెంటులో బిల్లు పెట్టక తప్పలేదు. దేశమంతా దాని గురించి మాట్లాడింది. అమ్మల చదువు ఆపడానికి ఎవరూ ఏ బిల్లూ పెట్టనక్కర్లేదు. గడువు పొడిగించకపోతే చాలు. చట్టానికీ పథకానికీ తేడా ఇదే. పథకం దొరగారి దయ. చట్టం మన చేతిలో కర్ర.

2022లో 'నవ భారత సాక్షరతా కార్యక్రమం' ప్రకటించారు, దాన్నే 'ఉల్లాస్' అంటున్నారు. 2022 నుంచి 2027 దాకా అయిదేళ్లకి 1,037 కోట్ల 90 లక్షలు కేటాయించారు, కేంద్రానిది 700 కోట్లు, మిగతాది రాష్ట్రాలది. అయిదు కోట్ల మందికి చదువు నేర్పాలన్నది లక్ష్యం. కోట్లు అనగానే కళ్లు తిరుగుతాయి, అందుకే మేం పలక మీద భాగహారం చేసి చూశాం. మనిషికి 207 రూపాయల 58 పైసలు! చదవడం, రాయడం, లెక్కలు అన్నీ కలిపి ఒక తల్లి చదువు ఖరీదు ఇది. 2024-25లో మన రాష్ట్రానికి ప్రకటించిన ఉపాధి కూలే రోజుకి 300. అంటే ఒక తల్లి జీవితకాలపు చదువు బాకీకి ఒక పూట కూలి కట్టి చేతులు దులుపుకుంటున్నారు. పాఠం చెప్పేవాళ్లకి? మళ్లీ ఉచిత సేవే. కలెక్టరు ఉచితంగా చెయ్యడు, మంత్రి ఉచితంగా చెయ్యడు, మేం పంతుళ్లం కూడా జీతం తీసుకునే చెబుతున్నాం. పల్లెలో రాత్రి పూట తల్లులకి చదువు చెప్పే పిల్ల మాత్రం దేశసేవ చెయ్యాలంట.

సంతకం వస్తే చాలదా, వయసు మళ్లిన ఆడమనిషికి చదువెందుకు అనేవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. వాళ్లు పత్తి తీతకి ఒక్క రోజు రావాలి.

పత్తి తీత కేజీల లెక్క. పొద్దున చేలో దిగి సాయంత్రం దాకా తీసిన పత్తిని కాటా మీద పెడతారు. ఎంత తూగిందో చెప్పేది రైతు, పుస్తకంలో రాసేది మేస్త్రి, తేమ ఉందని తరుగు తీసేదీ వాళ్లే. మా ఎరికలో ఒకామె ఉంది. కేజీకో చింతపిక్క చొప్పున చిక్కంలో వేసుకునేది. ఒక వారం ఆమె పిక్కలకీ మేస్త్రి పుస్తకానికీ 11 కేజీలు తేడా వచ్చింది. "పిక్కలకి లెక్కేందే? పుస్తకంలో ఉందే లెక్క" అన్నాడు మేస్త్రి. పుస్తకమే గెలిచింది. పుస్తకం ఎప్పుడూ గెలుస్తుంది, మనుధర్మం నాటి నుంచీ మనకి తెలిసిన సంగతే గదా. తర్వాతి వారం ఆమె ఆరో తరగతి చదివే కూతుర్ని చేలోకి తీసుకుపోయింది. ఆ పిల్ల నోటుబుక్కులో అందరి కేజీలూ రాసింది. తేడా రాలేదు. దాంతో ముఠాలో ఆడవాళ్లంతా "ఆ పిల్లని రోజూ తీసకరా, మా లెక్క కూడా రాస్తది" అన్నారు. పత్తి అయిపోయేసరికి సంక్రాంతి దాటింది. పత్తి కాంగానే మిరప కోత. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఎదురుగా గైర్హాజరు పెట్టింది మేమే. పిల్లని చేలోకి తోసింది తల్లి అని మేం కూడా మొదట కసురుకున్నాం. తర్వాత మాకే సిగ్గేసింది. చదువురాని తల్లి చదువొచ్చిన బిడ్డని ఇంటి గుమస్తా చేసుకోక ఏం చేస్తుంది? చట్టం ఆ పిల్లకి బడి హక్కు ఇచ్చింది. తల్లికి చదువు హక్కు ఇవ్వలేదు. కాబట్టి పిల్ల హక్కు తల్లి అవసరానికి ఖర్చైపోయింది.

మందు డబ్బాల సంగతి వేరే చెప్పాలా? డబ్బా మీద ఎరుపు త్రికోణం ఉంటే అతి విషం. పసుపు, నీలం, ఆకుపచ్చ వరసగా దాని కింద. చట్టం ప్రకారం ముద్రిస్తారు, చిన్న అక్షరాల్లో జాగ్రత్తలన్నీ రాస్తారు. ఆ డబ్బానే కడిగి నీళ్లకి వాడుకునే ఇళ్లు మేం చూశాం. కంపెనీ తన బాధ్యత తీరిందనుకుంటుంది, చదివేవాళ్లు లేరని దానికేం పట్టింది?

మార్కాపురం సంగతి ఇంకా ఘోరం. దేశమంతటికీ పలకలు చేసిచ్చిన ఊరది. 1988లో బాలకార్మికుల కోసం జాతీయ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఇతరుల బిడ్డలు అక్షరాలు దిద్దుకునే పలకల్ని అక్షరం దిద్దని బిడ్డలు కోశారు, రాశారు, చట్రం బిగించారు. ఆ బిడ్డలిప్పుడు తల్లులయ్యారు. ఆ పడమటి మండలాల నుంచే ఇళ్లకి తాళాలేసుకుని మిరప కోతలకి గుంటూరు వైపు వలసొస్తున్నారు, పిల్లల్ని చంకనేసుకుని.

ఇంత జరుగుతుంటే చట్టం ఆ తల్లిని ఎక్కడ కూర్చోబెట్టిందో తెలుసా? విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చూడండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, బలహీన వర్గాలకి వాటా ఉండాలి. అద్భుతమైన మాట! కాగితం మీద మా పల్లె తల్లి బడికి యజమాని. బడికొచ్చే నిధులు చూడాలి, బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. ఆచరణలో? తీర్మానాల పుస్తకం ఇంటికి పంపిస్తారు. "ఇక్కడ వెయ్యమ్మా" అంటారు. ఆమె వేస్తుంది. ఏం తీర్మానించిందో ఆమెకి తెలియదు. పుస్తకం తీసుకెళ్లిన పంతుళ్లలో మేం లేమా అంటే ఉన్నాం. ఈ పత్రికలో ఒకళ్ల మీద రాళ్లేసే ముందు మన చేతులు కూడా చూసుకోవాలి. చదువుకున్న దళితులం ఒంగోలులో, గుంటూరులో ప్లాట్లు కొనుక్కుని, ఏప్రిల్ 14కి పల్లెకొచ్చి దండేసి ఉపన్యాసం చెప్పి, రాత్రి బస్సుకి పోతున్నాం. అమ్మ ఫోన్లో మెసేజీ పక్కింటి పిల్లోడే చదువుతున్నాడు. సంఘం మీటింగుల్లో మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు కింద. రాత్రి బడి పెడదామంటే "ఇంట్లో వంటెవరు చేస్తారు" అని అడిగిన మన తమ్ముళ్లూ ఉన్నారు. ఆ వంట నువ్వు చెయ్యి తమ్ముడా, ఒక గంట.

ఇక డబ్బు ఎక్కడ నుంచి తేవాలని అడుగుతారు. మన డబ్బు ఉంది. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. జనాభాలో మన వాటా ఎంతో బడ్జెట్లోనూ అంత మనకి, మన పల్లెలకి నేరుగా ఖర్చు పెట్టాలని దాని ఉద్దేశం. దానికి పదేళ్ల గడువు పెట్టారు, 2023 జనవరిలో మరో పదేళ్లు పొడిగించారు. పొడిగించారు సరే, ఆ పద్దు కింద ఏం రాస్తున్నారు? అందరికీ ఇచ్చే అమ్మ ఒడిలో మన తల్లులకిచ్చిన భాగాన్ని తీసి ఉపప్రణాళిక ఖర్చుగా చూపించారు. ఊరందరికీ పెట్టిన అన్నంలో మన విస్తరి ఖర్చు మాత్రం మన జేబులోంచే తీసినట్టు! మేం అడిగేది సూటి మాట. ఆ చట్టం కింద, వేరే పద్దుగా, పల్లెల్లో తల్లుల చదువుకి డబ్బు పెట్టాలి. అది ఖర్చు పెట్టకపోతే ఎవరు జవాబుదారో చట్టంలో రాయాలి.

చట్టం ఒక్కటే ఉంటే సరిపోతుందనే భ్రమ కూడా మాకు లేదు. అమెరికాలో 1988లో తల్లిదండ్రులకీ చిన్నపిల్లలకీ కలిపి చదువు చెప్పడానికి 'ఈవెన్ స్టార్ట్' అని చట్టబద్ధంగానే పెట్టారు. తల్లికి చదువు, బిడ్డకి చదువు, ఇద్దరూ కలిసి కూర్చునే గంట, అన్నీ ఒకే చోట. ఒక దశలో ఏడాదికి 25 కోట్ల డాలర్లిచ్చారు. తర్వాత కోస్తా కోస్తా 2011లో సున్నా చేశారు. పేదల చదువుకి గొంతు నొక్కడంలో తెల్లదొరకీ నల్లదొరకీ తేడా లేదు. కాబట్టి చట్టమూ కావాలి, చట్టంలోనే డబ్బూ కావాలి.

మరి ఏం కావాలో చెప్పండి అంటారు గదా. మాలపల్లెలో, మాదిగపల్లెలో, ఎరుకల, యానాది కాలనీల్లో రాత్రి బడి కావాలి. ఊళ్లో బడిలో కాదు, పల్లెలో. తల్లి, బిడ్డ ఒకే చాప మీద కూర్చునే బడి. అక్కడ చెప్పే పిల్లకి గౌరవ వేతనం కాదు, జీతం కావాలి, చట్టం చెప్పిన కనీస వేతనానికి తగ్గకుండా. పత్తి తీత, కాయ కోత రోజుల్లో గంట తగ్గించి, వేసవిలో పెంచాలి. ఢిల్లీ క్యాలెండరు మిరప చేలో పనికిరాదు. వలస పోయే కుటుంబాలకి కల్లం దగ్గరే బడి పెట్టాలి. పాఠం అ, ఆలతో ఆగకూడదు. కాటా చీటీ, కూలి పుస్తకం, మందు డబ్బా, బ్యాంకు మెసేజీ, పట్టా కాగితం, బడి తీర్మానం, ఇవే వాచకాలు. ఏడాది చివర పరీక్ష పెట్టి 'అక్షరాస్యురాలు' అని సర్టిఫికెట్ చేతిలో పెట్టి వదిలెయ్యడం కాదు, ఆమె తన బిడ్డ తెలుగు పాఠం తనే చదివి వినిపించేదాకా నడపాలి.

పెద్దవాళ్లు రారని అంటారు. 1990ల్లో వచ్చారు, మేం చూశాం. లైటు ఉన్నన్నాళ్లూ వచ్చారు.

అక్టోబరు 2న గ్రామసభ ఉంటుంది. అప్పటికి పత్తి మొదటి తీత మొదలవుతుంది, కాబట్టి సెప్టెంబరులోనే పల్లెలో కూర్చోండి. చదువురాని తల్లుల పేర్లు ఇంటింటికీ తిరిగి రాయండి, పుట్టిన సంవత్సరంతో సహా. 1960కి ముందు పుట్టినవాళ్లని వేరే రాయండి, వాళ్ల బాకీ పాతది. గ్రామసభలో ఆ జాబితా మగవాడు కాదు, ఆ తల్లుల్లో ఒకరు లేచి ఇవ్వాలి. ఉపప్రణాళిక నిధులతో పల్లెలో రాత్రి బడి పెట్టాలని తీర్మానం రాయించండి. రాసింది పైకి చదివించాకే వేలిముద్ర వెయ్యండి. చదవకపోతే వెయ్యమాకండి. తీర్మానం నకలు ఒకటి మండలాఫీసుకి, ఒకటి సాంఘిక సంక్షేమ శాఖకి ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంకోటి మన సంఘానికి పంపండి. ఏ ఊరు రాయించిందో, ఏ ఊళ్లో రాయనివ్వలేదో రెండూ వచ్చే సంచికల్లో వేస్తాం.

జై భీమ్.